సాంచెల షెడ్డు, పురుగుల షెడ్డు: ఏ యాప్ ఎవరి చేతికి నప్పుతుంది?



ఈసారి పాఠం ఆకు గురించి కాదు, పురుగు గురించీ కాదు. మన జేబులో ఉండే ఫోను గురించి. "ఫోను వాడడం మాకు రాదా ఏంది?" అనకండి. నాకూ వచ్చనే అనుకున్నాను. పోయిన వేసవిలో ఒక బ్యాచ్ పాడయ్యాక గానీ నాకు ఎంత వచ్చో తెలియలేదు. తప్పు పురుగుది కాదు, మా ఇంటామెది కాదు. నేను కబురు పంపిన తీరుది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను. నిదానంగా చదవండి. చదవడం కష్టమైతే ఇంట్లో పిల్లలతో చదివించుకుని వినండి.

మొదట జరిగిన సంగతి

మాది సిద్దిపేట వైపు ఊరు. మా బావమరిది కుటుంబం చాలా ఏళ్ల కింద మహారాష్ట్రలోని భివండీకి పోయి అక్కడే స్థిరపడింది. ఠాణే జిల్లాలో ఉన్న ఆ ఊరు పవర్‌లూమ్‌లకు పేరుబడ్డది. పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మన పద్మశాలీలు తరాలుగా అక్కడికి సాంచెల పనికి పోతున్నారు. పద్మానగర్ వైపు నడిస్తే కిరాణా కొట్టు దగ్గర, గుడి దగ్గర తెలుగే వినబడుతుంది.

బావమరిది బిడ్డ పెళ్లికి నేను భివండీ పోవలసి వచ్చింది. ఇంట్లో 200 లేయింగుల బైవోల్టైన్ పంట నాలుగో దశలో ఉంది. ఇంటామె చూసుకుంటానన్నది. నాలుగో జ్వరం, అదే మోల్టు, పడే రోజు నేను పెళ్లి పందిట్లో ఉన్నాను. అక్కడి నుంచి వాట్సాప్‌లో ఇట్లా టైపు చేసి పంపాను: పురుగులు నూటికి తొంభై పైన జ్వరంలో పడ్డాక ఆకు ఆపు, సున్నం చల్లి పడక ఆరబెట్టు, తొంభై ఐదు పైన లేచాక విజేత చల్లు, అరగంట ఆగి ఆకు వెయ్యి.

రాసింది సరైనదే. కానీ అది చేరవలసిన మనిషి షెడ్డులో ఉంది. చేతులకు సున్నం, మల్బరీ జిగురు. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఫోను మోగింది, చూసింది, పొడుగు మెసేజ్ కనబడింది, తర్వాత చదువుదామని పక్కన పెట్టింది. మామూలు వేళకు ఆకు వేసింది. జ్వరంలో ఉన్న పురుగులు ఆకు కింద పడిపోయాయి, ముందు లేచినవి ముందు తిన్నాయి. పంట రెండు రకాలుగా చీలింది. సగం పురుగులు పండుబారి చంద్రిక ఎక్కే వేళకు మిగతా సగం ఇంకా ఆకు తింటున్నాయి. ఐదో దశలో పురుగు తన జీవితకాలపు ఆకులో 80 శాతానికి పైగా తింటుందని మీకు తెలుసు. అప్పుడు ఎగుడుదిగుడు వస్తే గూడు బరువు మీద దెబ్బ పడుతుంది. పడింది.

ఇంటికి ఫోన్ చేసి కోపంగా మాట్లాడితే ఆమె ఒకటే అన్నది: "చేతులకు సున్నం ఉన్నది. సదువుడు నాతోని అయితదా? నోటితోని చెప్తే ఇందును గదా!"

సరేనని అప్పటి నుంచి అందరికీ వాయిస్ మెసేజ్‌లే పంపడం మొదలుపెట్టాను. తిరుగు ప్రయాణంలో టికెట్టు గురించి బావమరిదికి కూడా వాయిసే పంపాను. అతను షిఫ్టులో ఉన్నాడు. సాయంత్రం దాకా జవాబు లేదు. కలిసినప్పుడు అన్నాడు: "బావా, ఈడ వాయిస్ పెడితే ఎవడింటడు? సాంచెల మోతల నా మాటే నాకు ఇనబడది. రాసి పంపు, సూస్త."

అదే యాప్, అదే ఫోను. ఒకచోట రాత పనిచేయలేదు, ఇంకోచోట మాట పనిచేయలేదు. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నదానికి మొదలు ఇదే.

వాడకపు అనుభవం అంటే

ఒక యాప్‌లో ఏమేమి ఉన్నాయన్నది ఒక లెక్క. మన పని చేసుకునే చోట, మన చేతులతో, మన కళ్లతో దాన్ని వాడితే పని అయిందా లేదా అన్నది ఇంకో లెక్క. ఈ రెండో దాన్ని వాడకపు అనుభవం అంటారు. అమెరికాలో డాన్ నార్మన్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లో ఆపిల్ కంపెనీలో పనిచేస్తూ తన ఉద్యోగం పేరులోనే ఈ మాట పెట్టుకున్నారు. అప్పటి నుంచి అది ప్రచారంలోకి వచ్చింది. ఆయన తలుపు ఉదాహరణ చాలా మందికి తెలుసు. తోయవలసిన తలుపుకు లాగే పిడి పెడితే ఎవరైనా లాగుతారు. అప్పుడు తప్పు లాగిన మనిషిది కాదు, పిడి పెట్టిన వాళ్లది.

మన దగ్గర ఫోను దగ్గర తప్పు జరిగితే ముందు మనల్ని మనమే తిట్టుకుంటాం. చదువు లేదు, తెలివి లేదు అంటాం. కొంత నిజం ఉండొచ్చు. కానీ పిడి ఎట్లా పెట్టారో కూడా చూడాలి. అది చూడడం నేర్చుకుంటే ఏ యాప్‌ను దేనికి నమ్మాలో తెలుస్తుంది.

ఐదు ప్రశ్నలు

ఏ యాప్ అయినా సరే ఈ ఐదు ప్రశ్నలు వేసి చూడండి.

ఒకటి, చేతులు. తడి చేతులతో, సున్నం చేతులతో, ఒక్క చేత్తో వాడగలమా?
రెండు, కన్ను, చెవి. వాడే చోట వెలుగు ఎంత, మోత ఎంత?
మూడు, భాష. మాట మనదేనా? లిపి కూడా మనకు వచ్చినదేనా?
నాలుగు, సిగ్నల్. నెట్టు పోతే ఏమవుతుంది?
ఐదు, తప్పు. పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకోగలమా?

భివండీలో రెండు రోజులు సాంచెల షెడ్డులో కూర్చుని చూశాను. అక్కడి సాంచెలో ఒక సంగతి గమనించాను. పేక పోగు తెగితే సాంచె తనంతట తనే ఆగే ఏర్పాటు ఉంటుంది. పడుగు పోగు తెగితే మాత్రం పాత రకం సాంచెలు చాలావరకు ఆగవు. మనిషే చూసి ఆపి పోగు అతకాలి. చూడకపోతే బట్టలో తప్పు పడుతూ పోతుంది, కూలీలో కోత పడుతుంది. యాప్‌లు కూడా అంతే. కొన్ని తప్పుల దగ్గర అవే ఆగుతాయి. కొన్నిటి దగ్గర ఆగవు, మనమే కన్నేసి ఉండాలి. ఏ తప్పు ఏ రకమో ముందే తెలుసుకోవడం పనిమంతుని లక్షణం.

ఇప్పుడు మనం వాడే యాప్‌లను ఒక్కొక్కటే చూద్దాం.

1. కబురు యాప్‌లు

వాట్సాప్ 2009లో మొదలైంది. ఇప్పుడు మన గ్రూపు కూడా దాని మీదే నడుస్తోంది. చేతుల ప్రశ్నకు దీని జవాబు మంచిదే. మైకు బొమ్మ ఒత్తి పట్టుకుంటే చాలు, మాట పోతుంది. దాన్ని పైకి జరిపితే తాళం పడుతుంది, వేలు తీసేసి మాట్లాడవచ్చు. పురుగుల షెడ్డు నిశ్శబ్దంగా ఉంటుంది, కాబట్టి వాయిస్ మనకు నప్పుతుంది. సాంచెల షెడ్డుకు నప్పదు.

భాష ప్రశ్న దగ్గర నేను ఇంకో పాఠం నేర్చుకున్నాను. మా అల్లుడు, అంటే బావమరిది కొడుకు, ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతాడు. కానీ చదివింది మరాఠీ బడిలో. నేను తెలుగులో రాసి పంపితే, "మామా, ఇది నాకు సదవరాదు" అన్నాడు. మాట తెలుగు, లిపి మరాఠీది. అతనికి ఇంట్లో ఉన్నప్పుడు వాయిస్, షిఫ్టులో ఉన్నప్పుడు బొమ్మ లేదా అంకెలు. మన ఊళ్లో కూడా ఇట్లాంటి వాళ్లు ఉన్నారు. తెలుగు బాగా మాట్లాడే పెద్దవాళ్లలో చదవలేని వాళ్లు ఎందరో. ఫోను భాషను తెలుగుకు మార్చేస్తే పని అయిపోయిందని అనుకోవద్దు.

తప్పు ప్రశ్నకు కూడా ఇది మెత్తని యాప్. పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపు దిద్దవచ్చు, కొంత గడువు లోపు అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. అయితే అప్పటికే చదివి పని చేసేసిన మనిషి దగ్గర నుంచి దాన్ని వెనక్కి తీసుకోలేం. మందు మోతాదు తప్పు రాసి ఫార్వర్డ్ చేస్తే అది పది గ్రూపులు తిరుగుతుంది. రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. మోతాదు, మందు, ధర ఉన్న ఫార్వర్డ్‌ను టెక్నికల్ అసిస్టెంటును అడగకుండా షెడ్డులో వాడవద్దు.

వాయిస్ పంపేటప్పుడు చేయవలసిన పని ముందు చెప్పండి, కారణం తర్వాత చెప్పండి. "ఆకు ఆపు. నాలుగో జ్వరం పడింది. సున్నం చల్లు." ఇంతే. నమస్కారాలు, యోగక్షేమాలు వేరే వాయిస్‌లో పెట్టండి. రెండు నిమిషాల వాయిస్‌లో పని మాట చివర్లో ఉంటే షెడ్డులో ఉన్న మనిషి అంతదాకా వినదు.

2. డబ్బు యాప్‌లు

యూపీఐ 2016లో వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 30న భీమ్ యాప్ వచ్చింది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివన్నీ ఈ యూపీఐ దారి మీదే నడుస్తాయి. ఇవి వాడడం ఎంత తేలికంటే, ఆ తేలికతనమే ఒక్కోసారి ప్రమాదం.

మా అల్లుడి సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందటి మాట. పాత బండి అమ్ముతానని ఫోటో పెట్టాడు. ఎవరో ఫోన్ చేసి, "అడ్వాన్సు పంపుతున్నా, స్క్రీన్ మీద వచ్చింది ఒప్పుకుని పిన్ కొట్టు" అన్నారు. అల్లుడు షెడ్డు బయట నిలబడ్డా లోపలి మోతకు సగం మాటలు వినబడలేదు. స్క్రీన్ మీద ఉన్నది ఇంగ్లీషు. పిన్ కొట్టాడు. వచ్చేది పోయి నాలుగు వేలు పోయాయి. అంటే చాలా రోజుల కూలీ. అక్కడ మీటరు లెక్కన కూలీ అని గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ జరిగింది ఏమిటంటే, అవతలివాడు డబ్బు పంపలేదు, డబ్బు అడిగాడు. అట్లా అడిగే సదుపాయం అప్పట్లో యూపీఐలో ఉండేది. ఈ రకం మోసాలు ఎక్కువ కావడంతో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ ఒక మనిషి ఇంకో మనిషిని ఇట్లా డబ్బు అడిగే సదుపాయాన్ని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది. చూడండి, పిడి మార్చారు. అన్ని కోట్ల మందికి పాఠం చెప్పడం కంటే పిడి మార్చడం మేలు. కానీ క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేస్తే డబ్బు వస్తుంది" అనే మోసం వేరే. అది పోలేదు.

కాబట్టి ఒక్క మాట కంఠతా పట్టండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచి పోతోందని అర్థం, లేదా బ్యాలెన్సు చూస్తున్నామని అర్థం. గూళ్ల బేరం, పాత నేత్రికల బేరం, ఆకు బేరం, ఏదైనా సరే ఇదే రూలు.

తప్పు ప్రశ్న వేసి చూడండి. పిన్ తప్పు కొడితే యాప్ ఆగుతుంది. అది పేక పోగు. మనిషి తప్పు అయితే ఆగదు. అది పడుగు పోగు. అందుకే నంబరు కొట్టాక వచ్చే పేరును చదవాలి. కళ్లద్దాలు లేకపోతే పంపవద్దు. పొరపాటున వేరే వాళ్లకు పోతే యాప్‌లో, బ్యాంకులో ఫిర్యాదు పెట్టాలి, కానీ వెంటనే తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు. మోసం జరిగితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అల్లుడు సిగ్గుపడి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజులే అతనికి అసలు నష్టం.

సిగ్నల్ ప్రశ్న. నెట్టు లేకపోయినా *99# నొక్కి బ్యాంకుకు కలిపిన నంబరు నుంచి యూపీఐ పంపవచ్చు. బటన్ ఫోను వాళ్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. రెండూ కాస్త నిదానం. కానీ చిన్న ఫోను వాడే పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి.

3. ధరల యాప్‌లు

ఇది మన పొట్టకు సంబంధించినది. ఒకసారి నేను ఒక ధరల యాప్ చూసి కర్ణాటక మార్కెట్‌కు 130 కిలోల గూళ్లు తీసుకుపోయాను. తెర మీద పెద్ద అంకెల్లో మంచి ధర ఉంది. అక్కడికి పోయాక తెలిసింది, అది మూడు రోజుల కిందటి ధర. తేదీ ఉంది, లేదని కాదు. కింద మూలన, లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కిలోకు 60 రూపాయలు తగ్గింది. 7,800 రూపాయలు. బండి కిరాయి వేరే. గూళ్లు వెనక్కి తెచ్చుకోలేం కదా. ఆగితే గూడు బరువు తగ్గుతుంది, ఇంకా ఆగితే చిలుక గూడు చీల్చుకుని బయటికి వస్తుంది.

కందులో వడ్లో అయితే పది రోజులు ఆగవచ్చు. మనకు ఆ వెసులుబాటు లేదు. బైవోల్టైన్ గూడు చంద్రిక ఎక్కిన ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో కోయాలి, వెంటనే అమ్మాలి. కాబట్టి ధరల యాప్‌లో మనకు ముఖ్యమైన అక్షరం ధర కాదు, తేదీ. తేదీ లేని ధర, ధర కాదు.

ఇంకో సంగతి. కనబడే అంకె ఎక్కువ ధరా, తక్కువ ధరా, సగటు ధరా? మన గూడు ఏ రకం, బైవోల్టైనా, క్రాస్ బ్రీడా? ఈ రెండూ చెప్పని యాప్ ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మి బండి కట్టవద్దు. జనగామ, తిరుమలగిరి, హిందూపురం, రామనగరం, ఎక్కడికి పోయినా బయలుదేరే ముందు ఆ రోజు మార్కెట్లో ఉన్న రైతుకు ఒక ఫోన్ కొట్టండి. యాప్‌ను చూడొద్దని కాదు. యాప్ చూసి, మనిషిని అడిగి, అప్పుడు బండి కట్టండి.

4. వాతావరణ యాప్‌లు

కేంద్ర ప్రభుత్వం 2019లో మేఘదూత్ అనే యాప్ తెచ్చింది. జిల్లా వారీగా వాన, ఎండ, గాలిలో తేమ చెబుతుంది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, వ్యవసాయ సలహాలు వస్తాయి. తెలుగులోనూ ఉంది. పొరపాటున ఏది నొక్కినా నష్టం లేని యాప్ ఇది. చూడడమే తప్ప పంపడం, కట్టడం ఉండవు. భయపడే పెద్దవాళ్లకు ఫోను నేర్పాలంటే ఇట్లాంటి దానితో మొదలుపెట్టండి.

అయితే ఇది చెప్పేది బయటి గాలి సంగతి. మన పురుగులుండేది షెడ్డులో. చాకీ పురుగుకు 27, 28 డిగ్రీల వేడి, 80 నుంచి 90 శాతం తేమ కావాలి. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు, 70 నుంచి 75 శాతం తేమ చాలు. ఆ లెక్క చెప్పేది షెడ్డులో గోడకు వేలాడే తడి, పొడి థర్మామీటరే. "రేపు ఎండ పెరుగుతుంది" అని యాప్ చెబితే ఈ రోజే గోనెపట్టాలు తడిపే ఏర్పాటు చేసుకోవడానికి పనికొస్తుంది. షెడ్డు లోపల ఎంత ఉందో మాత్రం అది చెప్పదు. చాలామంది ఫోనులో 26 డిగ్రీలు చూసి నిశ్చింతగా ఉంటున్నారు, రేకుల కింద 34 ఉంటుంది.

5. ఫోటో తీస్తే రోగం చెప్పే యాప్‌లు

పంటలకు ఇట్లాంటివి వచ్చాయి. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెబుతాయి. మల్బరీ ఆకు మచ్చల దాకా కొంత పనికిరావచ్చు. పురుగు రోగాల దగ్గర జాగ్రత్త.

గ్రాసరీ వస్తే పురుగు కణుపుల మధ్య ఉబ్బుతుంది, తట్ట అంచుల మీద తిరుగుతుంది, చర్మం చిట్లితే పాలలాంటి ద్రవం కారుతుంది. మస్కార్డిన్ వస్తే చచ్చిన పురుగు గట్టిపడి సున్నంలా తెల్లబడుతుంది. ఫ్లాచరీలో మెత్తబడి వాసన వేస్తుంది. వీటిలో కొన్ని ఫోటోలో కనబడతాయి. వాసన కనబడదు, మెత్తదనం కనబడదు. పెబ్రిన్ అయితే మైక్రోస్కోపు కింద బీజాణువులు చూస్తే గానీ ఖాయంగా తేలదు. లూయీ పాశ్చర్ 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగుల రోగం మీద పని మొదలుపెట్టి, తల్లి చిలుకను మైక్రోస్కోపులో పరీక్షించే పద్ధతి తెచ్చారు. ఇప్పటికీ గుడ్ల కేంద్రాల్లో చేసేది అదే. మన ఫోను కెమెరా ఆ పని చేయలేదు. "పెబ్రిన్ లేదు" అని ఫోటో చూసి ఎవరు చెప్పినా నమ్మవద్దు, అది యాప్ అయినా, మన గ్రూపులో మనిషి అయినా.

కన్ను ప్రశ్న ఇక్కడ ముఖ్యం. చీకటి షెడ్డులో తీసిన ఫోటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు. పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, వెలుగులోకి తెచ్చి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ గుర్తు నొక్కండి, లేకపోతే ఫోటో పలచబడుతుంది. రోగపు పురుగును పట్టిన చేత్తో ఫోను పట్టవద్దు. ఆ ఫోను మళ్లీ చాకీ గదిలోకి పోతుంది. కాళ్లు కడుక్కుని షెడ్డులోకి పోయే మనం ఫోను సంగతి మర్చిపోతున్నాం. పలచటి ప్లాస్టిక్ సంచిలో ఫోను పెట్టుకుంటే తెర పనిచేస్తుంది, బయటికి వచ్చాక సంచి పారేయవచ్చు.

6. వీడియో యాప్‌లు

చూసి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. చదువు రాకపోయినా పర్వాలేదు. కానీ వీడియో తీసినవాళ్ల ఊరు, కాలం, రకం వేరు కావచ్చు. మైసూరు చల్లదనంలో చేసింది మన ఏప్రిల్ ఎండకు సరిపోకపోవచ్చు. ఒకటి చూడగానే దాని కింద ఇంకోటి వస్తుంది. యాప్ తయారు చేసినవాళ్లకు కావలసింది మనం ఇంకా చూడడం, మనకు కావలసింది పురుగు దగ్గరికి తిరిగి పోవడం. రాత్రి మేత వేళ దాటిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. వీడియోలు పగలు, నెట్టు బాగున్న చోట డౌన్‌లోడ్ చేసుకుని చూడడం అలవాటు చేసుకోండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

కబురు యాప్: చేతికి సులువు, తప్పు దిద్దుకోవచ్చు, ఎవరు చెప్పారో చూసుకోవాలి.
డబ్బు యాప్: చేతికి సులువు, తప్పు దిద్దుకోవడం కష్టం. పేరు చదవకుండా పిన్ వద్దు.
ధరల యాప్: చూడడం సులువు, నష్టం పెద్దది. తేదీ, రకం చూడాలి.
వాతావరణ యాప్: ప్రమాదం తక్కువ. షెడ్డు థర్మామీటరుకు బదులు కాదు.
ఫోటో యాప్: ఆకుకు కొంత, పురుగుకు తక్కువ, పెబ్రిన్‌కు అసలు కాదు.
వీడియో యాప్: నేర్చుకోవడానికి మంచిది, సమయం తింటుంది.

చూశారా, చేతికి బాగా సులువైనవాటిలోనే ఒకటి దిద్దుకోగలిగేది, ఒకటి దిద్దుకోలేనిది. రెండూ ఒకే తెర మీద, పక్కపక్కన, ఒకే సైజు బొమ్మలతో ఉంటాయి. అందుకే మా ఇంట్లో డబ్బు యాప్‌ను మొదటి తెర మీద నుంచి తీసి రెండో తెర మీద ఒంటరిగా పెట్టాం. చిన్న పని. కానీ వేలు అలవాటుగా దాని మీదికి పోదు.

ఐదుగురితో పరీక్ష

కొత్త యాప్ ఏదైనా మన గ్రూపులో అందరికీ చెప్పే ముందు ఒక పరీక్ష చేద్దాం. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో చెప్పిన మాట ఒకటుంది. ఐదుగురితో వాడించి చూస్తే ఒక పనిముట్టులోని లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. ఖర్చు లేని పరీక్ష ఇది.

మన ఊళ్లో ఐదుగురిని ఎంచుకోండి. చదువుకున్న పిల్లవాడు ఒకడు, చదవలేని పెద్దాయన ఒకరు, షెడ్డులో పనిచేసే ఆడమనిషి ఒకరు, కళ్లద్దాలవాళ్లు ఒకరు, బటన్ ఫోను నుంచి ఈ మధ్యే మారినవాళ్లు ఒకరు. ఒక పని చెప్పండి: ఈ రోజు గూళ్ల ధర చూసి నాకు చెప్పు. అంతే. పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడండి. సాయం చేయవద్దు, వేలు పెట్టవద్దు, నవ్వవద్దు. ఎక్కడ ఆగారు, ఏం చదవలేకపోయారు, ఏది పొరపాటున నొక్కారు, రాసుకోండి.

నేను ఇంటామెతో ఇది చేశాను. ధర చెప్పింది. తేదీ ఎంత అని అడిగితే, "తేదీ యాడున్నది?" అన్నది. నేను 7,800 పోగొట్టుకుని తెలుసుకున్నది ఆమె ఒక్క నిమిషంలో చూపించింది.

ఈ వారం పని

ఒకటి. షెడ్డులో ఎవరు పనిచేస్తారో వాళ్లను అడగండి: నీకు రాత కావాలా, మాట కావాలా, బొమ్మ కావాలా? వాళ్లు చెప్పినట్టే పంపండి. మీకు సులువైనట్టు కాదు.
రెండు. 1930 నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో వేసి పెట్టండి. ఎవరైనా మోసపోతే తిట్టబోమని ముందే మాట ఇవ్వండి. తిడతారన్న భయంతోనే దాచిపెడతారు.
మూడు. మీరు చూసే ధరల యాప్‌లో తేదీ ఎక్కడుందో వెతికి, స్క్రీన్ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.
నాలుగు. ఐదుగురి పరీక్షలో ఏం తేలిందో వాయిస్‌లో చెప్పండి. ఒక్క నిమిషం దాటకుండా, పని మాట ముందు.

చివరగా ఒక సంగతి. భివండీ నుంచి వచ్చే రోజు బావమరిది నన్ను సాంగనంపడానికి బస్సు దాకా వచ్చాడు. సాంచెల గల్లీ దాటి రోడ్డెక్కాక మోత తగ్గింది. అప్పుడు జేబులోంచి ఫోను తీసి, వారం రోజులుగా మా ఇంటామె తమ్ముడికి పంపిన వాయిస్‌లన్నీ ఒక్కొక్కటే విన్నాడు. పెళ్లికి రాలేకపోయిన అక్క గొంతు అది. "గిట్ల బయటికొచ్చి ఇంటెనే ఇనబడ్తది బావా" అన్నాడు. మళ్లీ వచ్చే బ్యాచ్‌కు నేను ఊళ్లోనే ఉంటాను. అయినా మా ఇద్దరి షెడ్లకూ కబురు ఎట్లా పంపాలో ఇప్పుడు తెలుసు: అక్కకు మాట, తమ్ముడికి రాత.

వచ్చే వారం పాఠం చాకీ పురుగుల పడక శుభ్రం గురించి. సందేహాలుంటే గ్రూపులో అడగండి.